సవరణ: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పరీక్ష గురించి

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను మల్టీమీటర్‌తో ఎలా చూడాలో మొన్న రాసినప్పుడు అసలు విషయాన్నే తలకిందులు చేశాను. ఇంజిన్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరగాలని, తగ్గితే సెన్సర్ పోయినట్టేనని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. దాదాపు అన్ని కార్లలోనూ ఈ సెన్సర్‌లో ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్, అంటే వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే రకం భాగం. చాలా రకాల్లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపిస్తుంది. అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికే ప్రమాణం. అనుభవమున్న ఒక మెకానిక్ ఎత్తిచూపాక నేనూ ఆ పట్టికే తెరిచి చూసుకున్నాను.

కారు కంప్యూటర్ రీడింగులు చూపే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తే సెన్సర్ పాడైందని నేను రాసినట్టు కొందరు అనుకున్నారు. సర్క్యూట్ ఎక్కడో తెగిందని మాత్రమే దానర్థం. తెగింది సెన్సర్ లోపల కావచ్చు, వైరు కావచ్చు, తుప్పు పట్టిన కనెక్టర్ కావచ్చు. రెండు వైర్ల సెన్సర్ అయితే ప్లగ్ తీసి, వైరింగ్ వైపున్న రెండు పిన్నులను చిన్న వైరుతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా 130 డిగ్రీలు దాటిందంటే వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) బాగున్నట్టే, అనుమానించాల్సింది సెన్సర్‌నే. ఇంకా మైనస్ 40 దగ్గరే ఉంటే సెన్సర్ కొనకండి, వైరు వెంట వెతకండి.

పాత పోస్టు చదివి సెన్సర్ పక్కన పడేసినవారు దాన్ని మరోసారి కొలిచి చూడండి.