ఒక్క ఇన్వాయిస్‌కు ఎన్ని ఫార్మాట్లు?

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న సరఫరాదారు కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను, వాళ్ల దగ్గర సరుకు కొనే పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్‌తో కలిపే పనిలో ఉన్నాను. ఆర్డర్లు ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా, అంటే ప్రతి వివరానికీ ట్యాగ్ అనే పేరు తగిలించిన ఫైళ్లుగా వస్తాయి, మేం వాటిని చదివి గోదాంకు పంపాలి. మొదటి వారం ఒక్క ఫైలు కూడా తిరగ్గొట్టలేదు. రెండో వారం ఫోన్ వచ్చింది. 24 పెట్టెలు అందాల్సిన చోట 24 విడి వస్తువులు అందాయట. ఫైలు తీసి చూశాం. క్వాంటిటీ అనే ట్యాగ్‌లో 24 అని ఉంది. స్కీమా, అంటే ఫైలులో ఏది ఎలా ఉండాలో చెప్పే నియమావళి, అడిగింది పూర్ణసంఖ్య, వచ్చిందీ పూర్ణసంఖ్యే. ఏ ప్రోగ్రామూ తప్పు చేయలేదు. కొనేవాళ్ల వస్తువుల పట్టికలో ఆ కోడ్‌కు అర్థం ‘పెట్టె’, అమ్మేవాళ్ల పట్టికలో ‘ఒక పీస్’. ఆ సంగతి ఎవరి కంపెనీలో వాళ్లకు అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎక్కడా రాయలేదు.

కంపెనీల మధ్య డేటా మార్పిడి గురించి చర్చ మొదలైతే చాలు, అది టెక్నాలజీ మీదికి పోతుంది. ఏ ఫార్మాట్ మంచిది, ఏ సర్వర్ వేగంగా పనిచేస్తుంది, ఏ టూల్ కొనాలి అని గంటలు గడుస్తాయి. అవి అవసరమే. కానీ ఇన్నేళ్ల పనిలో నన్ను వదలని ప్రశ్నలు రెండు. పంపిన ప్రతి అంశానికీ అర్థం ఖాయం చేసింది ఎవరు? ఆ అర్థాలు కుదర్చడానికి అయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? రెండో ప్రశ్న సమావేశాల్లో దాదాపు ఎప్పుడూ వినిపించదు, ఎందుకంటే ఆ ఖర్చు భరించేవాళ్లు సాధారణంగా ఆ గదిలో ఉండరు.

కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఆర్డర్లు పంపడం ఎక్స్ఎంఎల్‌కు చాలా ముందే మొదలైంది. దాన్ని ఈడీఐ (ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్) అంటారు. అమెరికాలో దాని ప్రమాణాలు రాసే ఎక్స్12 కమిటీ 1979లోనే ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో తయారైన ఎడిఫాక్ట్ అనే ప్రమాణం 1987లో వచ్చింది. ఎక్స్12లో పర్చేజ్ ఆర్డర్ నంబరు 850, ఇన్వాయిస్ నంబరు 810. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు ఇప్పటికీ ‘ఎయిట్ ఫిఫ్టీ వచ్చిందా’ అనే అడుగుతారు. ఆ ఫైలు తెరిస్తే పొట్టి పొట్టి కోడ్‌లు, నడుమ నక్షత్రం గుర్తులు కనిపిస్తాయి. పంపే అక్షరాల లెక్కన ప్రైవేటు నెట్‌వర్క్‌లకు డబ్బు కట్టిన కాలం కాబట్టి ఆ పొదుపు అర్థం చేసుకోదగ్గదే. చిక్కల్లా, దాన్ని చదవాలంటే పక్కన ఒక గైడ్ ఉండాలి. ప్రతి పెద్ద కొనుగోలుదారుకూ తన సొంత గైడ్ ఉండేది. ప్రమాణం ఒకటే అయినా వాడుక తలా ఒక రకం.

ఎక్స్ఎంఎల్ 1.0ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998 ఫిబ్రవరి 10న ప్రకటించింది. 1986 నాటి ఎస్‌జీఎంఎల్ అనే పెద్ద ప్రమాణాన్ని కుదించి, వెబ్‌కు సరిపోయేలా చేసిన రూపం అది. ట్యాగ్ పేరు చూస్తే లోపల ఏముందో మనిషికి అర్థమవుతుంది, ఏ భాష లిపి అయినా యూనికోడ్‌లో ఇముడుతుంది, ఎవరికి కావలసిన ట్యాగ్‌లు వాళ్లు తయారుచేసుకోవచ్చు. దానికి తోడు ఒక కఠినమైన నియమం. ఫైలు నిర్మాణంలో ఒక్క దోషం కనిపించినా పార్సర్, అంటే ఫైలును చదివే ప్రోగ్రామ్, అక్కడితో ఆగిపోవాలి, ఊహించి సర్దుకోకూడదు. కంపెనీ పేరులో ‘అండ్’ గుర్తు (&) ఉండి, దాన్ని నియమం ప్రకారం మార్చి రాయకపోతే ఆ ఇన్వాయిస్ మొత్తం తిరస్కారమే. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ఇది మొదటి తలనొప్పి. నేను మాత్రం ఈ కఠినత్వాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వెబ్ పేజీలో చిన్న తప్పును బ్రౌజర్ సర్దుకుంటే పోయేదేమీ లేదు. డబ్బుకు సంబంధించిన కాగితంలో యంత్రం ఊహలు చేయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

‘ఎవరి ట్యాగ్‌లు వాళ్లవి’ అన్న స్వేచ్ఛ మాత్రం వెంటనే తన ఫలితం చూపించింది. ఎలక్ట్రానిక్స్ కంపెనీలు 1998లో రోజెట్టానెట్ పేరుతో ఒక కూటమి పెట్టుకున్నాయి. అరిబా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 1999లో సీఎక్స్ఎంఎల్ అనే తన ఫార్మాట్ తెచ్చింది. కామర్స్ వన్ ఎక్స్‌సీబీఎల్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ బిజ్‌టాక్‌తో ముందుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య ప్రమాణాల విభాగం, ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ కలిసి 1999లో ఈబీఎక్స్ఎంఎల్ అనే ప్రమాణం పని మొదలుపెట్టి 2001 మేలో మొదటి దశ ముగించాయి. రెండు మూడేళ్లలో ఇన్ని. ఒక్కో దాంట్లో పర్చేజ్ ఆర్డర్ ఒక్కో తీరుగా ఉండేది.

ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద కల యూడీడీఐ. 2000లో మొదలైన ఈ ప్రాజెక్టు వెనుక ఐబీఎం, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలున్నాయి. ప్రపంచంలోని కంపెనీలు తమ సేవల వివరాలను ఒక బహిరంగ రిజిస్టర్‌లో పెడతాయి, సాఫ్ట్‌వేర్ తనంతట తానే వెతికి తగిన కంపెనీతో లావాదేవీ మొదలుపెడుతుంది, ఇదీ ఆలోచన. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్ఏపీ నడిపిన ఆ బహిరంగ రిజిస్టర్‌ను 2006 జనవరిలో మూసేశారు. ముక్కూమొహం తెలియని కంపెనీకి ప్రోగ్రామ్ చెప్పిందని ఆర్డర్ పంపే వ్యాపారి ఎవరుంటారు? ధర, గడువు, సరుకు పాడైతే బాధ్యత, ఇవన్నీ మనుషులు కూర్చుని తేల్చుకున్నాకే ఫైళ్లు కదులుతాయి. ఫైలు పని ఆ ఒప్పందాన్ని మోయడం వరకే.

అర్థాల తేడా ఎంత సన్నగా ఉంటుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఇన్వాయిస్‌లో మూడు లైన్లున్నాయి, ఒక్కోటి 1.14. పన్ను 10 శాతం. లైనుకొకసారి పన్ను లెక్కించి రెండు దశాంశాలకు కుదిస్తే 0.11 చొప్పున మూడింటికి 0.33 వస్తుంది. ముందు మూడూ కలిపి 3.42 చేసి పన్ను లెక్కిస్తే 0.34. తేడా 0.01. ఆ తేడాను చూసి నవ్వుకుని వదిలేసే గుమస్తా స్థానంలో ఇప్పుడు ప్రోగ్రామ్ ఉంది. అది ఆర్డర్‌నూ, సరుకు అందిన రసీదునూ, ఇన్వాయిస్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చి, మొత్తం కలవలేదని పక్కన పడేస్తుంది. సరఫరాదారుకు డబ్బు ఆగుతుంది. ఎందుకు ఆగిందో తెలియడానికే కొన్నిసార్లు రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాల టెన్షన్‌ను దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను, దీన్ని చిన్న సాంకేతిక లోపం అని కొట్టిపారేయడం అన్యాయం. ఎటు లెక్కించినా తప్పు కాదు. ఎలా లెక్కించాలో ముందే రాసి పెట్టుకోకపోవడమే తప్పు.

దారి లేదా అంటే ఉంది, నడిచినవాళ్లూ ఉన్నారు. ఈబీఎక్స్ఎంఎల్ కాలంనాటి అనుభవంతో ఓయాసిస్ తయారుచేసిన యూనివర్సల్ బిజినెస్ లాంగ్వేజ్, అంటే యూబీఎల్, 2004లో 1.0 రూపంలో వచ్చింది. ఆర్డర్, డెస్పాచ్ అడ్వైస్, ఇన్వాయిస్ వంటి పత్రాలకు సిద్ధంగా ఉన్న స్కీమాలు అందులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డెన్మార్క్ 1.0 పూర్తికాకముందే దాని ముసాయిదా రూపాన్ని ఆధారం చేసుకుని, 2005 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వ సంస్థలకు పంపే ఇన్వాయిస్‌లు ఎలక్ట్రానిక్‌గానే ఉండాలని చట్టం చేసింది. అప్పుడు వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. కంప్యూటర్ వ్యవస్థ లేని చిన్న సరఫరాదారులు కాగితం పంపినా, దాన్ని స్కాన్ చేసి ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చే కేంద్రాలను ఏర్పాటు చేశారు. మార్పు కోరింది ప్రభుత్వం కాబట్టి చిన్నవాళ్ల కష్టాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

యూరోపియన్ యూనియన్ 2014లో ఇచ్చిన ఆదేశం మేరకు వచ్చిన ఈఎన్ 16931 ప్రమాణం ఇంకో అడుగు ముందుకు వేసింది. అది మొదట ఇన్వాయిస్‌లో ఉండాల్సిన అంశాలేమిటో, ఒక్కోదాని అర్థమేమిటో ఖాయం చేస్తుంది. ఆ తర్వాతే యూబీఎల్‌లో అయితే ఏ ట్యాగ్, ఐక్యరాజ్యసమితి ఫార్మాట్‌లో అయితే ఏ ట్యాగ్ అనేది వస్తుంది. పైన చెప్పిన పన్ను గొడవకు అందులో జవాబుంది. ఒకే రేటు వర్తించే లైన్ల మొత్తం మీద పన్ను లెక్కించాలి. నా పెట్టెల గొడవకూ జవాబుంది. ప్రతి లైనులో పరిమాణంతో పాటు యూనిట్ కోడ్ తప్పనిసరి. కిలోకు ఒక కోడ్, డజనుకు ఒక కోడ్, ఒక్క వస్తువుకు ఒక కోడ్, అన్నీ ఐక్యరాజ్యసమితి ప్రచురించిన పట్టికల నుంచే. ఈ నియమాలను స్కీమట్రాన్ అనే భాషలో రాసి బహిరంగంగా పెట్టారు. స్కీమా ‘ఇక్కడ సంఖ్య ఉండాలి’ అని మాత్రమే చూస్తుంది, స్కీమట్రాన్ ‘లైన్ల మొత్తం కింది సంఖ్యతో కలవాలి’ అని కూడా చూడగలదు. పంపకముందే తన ఫైలును తానే పరీక్షించుకునే వీలు చిన్న కంపెనీకి దొరికింది. ఇంత మేలు ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ చేయలేదని నా నమ్మకం.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తాను. ఇన్ని బహిరంగ ప్రమాణాలున్నా పెద్ద కొనుగోలుదారులు చాలామంది సొంత ఫార్మాట్‌నే పట్టుకుని ఉన్నారు. ‘మేం యూబీఎల్ వాడతాం’ అని చెప్పి, కింద నలభై పేజీల సొంత షరతులు జతచేసేవాళ్లూ ఉన్నారు. పదిమంది అమ్మేవాళ్లు, పదిమంది కొనేవాళ్లు ఉన్నారనుకుందాం. అందరూ ఒకే ప్రమాణం వాడితే ఒక్కొక్కరూ తన సిస్టమ్‌ను దానికి ఒకసారి కలుపుకుంటే చాలు, మొత్తం 20 మ్యాపింగ్‌లు. ప్రతి కొనుగోలుదారూ తన ఫార్మాటే కావాలంటే 100. ఆ 100 చేయాల్సింది అమ్మేవాళ్లే, ఒక్కొక్కరు పది చొప్పున. కొనుగోలుదారు వైపు ఖర్చు సున్నా, అందుకే అటునుంచి చూసేవాళ్లకు సమస్యే కనిపించదు. పైగా వాళ్లు ఒక ఫీల్డ్ మార్చినప్పుడల్లా అమ్మేవాళ్లంతా మళ్లీ డెవలపర్‌కు డబ్బు కట్టాలి. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో అకౌంట్లు నడిపే కంపెనీకి ఇది మోయలేని భారం.

పెపోల్ నెట్‌వర్క్ ఈ చిక్కును కొంత విప్పింది. 2008లో యూరప్ ప్రాజెక్టుగా మొదలై తర్వాత సింగపూర్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్ దాకా వెళ్లింది. అమ్మేవాడు తనకు నచ్చిన యాక్సెస్ పాయింట్‌లో, అంటే ఫైళ్లను చేరవేసే సేవా సంస్థలో చేరతాడు, కొనేవాడు తనకు నచ్చినదాంట్లో. ఆ రెండూ ఒకే నియమాలతో మాట్లాడుకుంటాయి. ఒకసారి కలిస్తే అందరితో కలిసినట్టే. వేర్వేరు కంపెనీల ఫోన్ సిమ్‌లున్నా ఒకరికొకరు మాట్లాడుకోగలగడం లాంటిదే ఇది.

ఫైలు చేరిన తర్వాత సంగతి కూడా ఒప్పందంలో ఉండాలి. ‘అందింది’ వేరు, ‘ఒప్పుకున్నాం’ వేరు. సర్వర్ ఇచ్చే రసీదును చూసి ఇన్వాయిస్ ఆమోదం పొందిందని అనుకోవడం నేను చూసినంతలో అతి సాధారణమైన పొరపాటు. ఇటలీ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2019 జనవరి 1 నుంచి అక్కడి కంపెనీల మధ్య ఇన్వాయిస్‌లు కూడా ఎక్స్ఎంఎల్ రూపంలో ప్రభుత్వ మార్పిడి వ్యవస్థ గుండానే వెళ్లాలి. ఆ వ్యవస్థ తిరస్కరిస్తే ఆ ఇన్వాయిస్ జారీ కానట్టే లెక్క. జవాబు రాలేదని అదే ఇన్వాయిస్‌ను రెండోసారి పంపడం ఇంకో ప్రమాదం. సందేశానికి మారని గుర్తింపు సంఖ్య ఉండి, అవతలి సిస్టమ్ ‘ఇది చూసిందే’ అని గుర్తుపట్టాలి. లేకపోతే ఒకే సరుకుకు రెండు చెల్లింపులు.

ఇప్పుడంతా జేసన్ అనే ఇంకో ఫార్మాటే కదా, ఎక్స్ఎంఎల్ పాతబడిపోలేదా అని అడుగుతారు. మొబైల్ యాప్‌కూ సర్వర్‌కూ మధ్య జేసన్ తేలిక, అక్కడ నేనూ అదే వాడతాను. అయితే బ్యాంకుల వైపు చూడండి. బ్యాంకుల మధ్య సందేశాలు మోసే స్విఫ్ట్ నెట్‌వర్క్ ద్వారా దేశాల మధ్య జరిగే చెల్లింపులు 2023 మార్చిలో ఐఎస్ఓ 20022 అనే ప్రమాణంలోని ఎక్స్ఎంఎల్ సందేశాలకు మారడం మొదలుపెట్టాయి. పాత, కొత్త రూపాలు పక్కపక్కన నడిచిన కాలం 2025 నవంబర్‌లో ముగిసింది. అంత పెద్ద వ్యవస్థ ఇంత ఈమధ్యే ఎక్స్ఎంఎల్‌కు మారిందంటే దాన్ని పాతది అనడం తొందరపాటు. అయినా ఫార్మాట్ మార్చినంత మాత్రాన 24 అంటే పెట్టెలా, పీసులా అన్నది తేలదు.

కాబట్టి పెద్ద కంపెనీల్లో కొనుగోలు విభాగాలు నడిపేవారిని అడిగేది ఇది. మీ సొంత ఫార్మాట్‌తో పాటు కనీసం ఒక బహిరంగ ప్రమాణాన్ని యథాతథంగా, అదనపు షరతులు లేకుండా స్వీకరించండి. తిరస్కరిస్తే ఏ నియమం తప్పిందో అదే రోజు చెప్పండి. ఫార్మాట్ మారిస్తే నెలల ముందు తెలియజేసి, పరీక్షించుకోవడానికి సర్వర్ ఇవ్వండి. మీవైపు ఇది ఒక్కసారి చేసే పని.

నేను మొదట చెప్పిన ఆ కొనుగోలుదారు తన ఫైలులో యూనిట్ కోడ్ చేర్చడానికి ఒప్పుకోలేదు. మిగతా సరఫరాదారులెవరూ అడగలేదన్నారు. దాంతో మా క్లయింట్ దగ్గర ఒక పట్టిక తయారైంది, ఏ వస్తువు కోడ్‌కు 1 అంటే ఎన్ని పీసులో చెప్పే పట్టిక. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా అక్కడి అకౌంట్స్ ఉద్యోగిని ఫోన్ చేసి కనుక్కుని, ఆ పట్టికలో ఒక వరుస చేర్చేవారు. నేను ఆ పని నుంచి బయటికి వచ్చేనాటికి ఆ పట్టికలో ఆరు వందలకు పైగా వరుసలున్నాయి.