ఎనిమిది తర్వాత అనంతపురం ఎవరిది?

మా పాప బెంగళూరులో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ మధ్య ఒక శుక్రవారం రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తే వెనకాల ఒకటే గోల. హారన్లు, కన్నడంలో ఎవరివో కేకలు. ‘యాడుండావు పాపా?’ అన్నాను. ‘వీవీ పురంలో మా. తిండి బీదికి వచ్చినాం అందరం. హోళిగె తింటాండా’ అంది. హోళిగె అంటే మన ఓళిగే. ఉగాదికి ఇంట్లో చేసి పెడితే ‘తీపి వద్దులే మా’ అని పళ్లెం పక్కకు తోసే పిల్ల, అక్కడ రోడ్డు మీద నిలబడి నెయ్యి కారుతుంటే తింటోంది. ‘పదకొండుకల్లా రూముకు చేరుకో’ అని తల్లిగా అనాల్సిన మాట అనేసి పెట్టేశాను.

పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఇదే పిల్ల ఇక్కడే అనంతపురంలో పీజీలో చేరి ఉంటే ఆ వేళకు ఏం చేస్తుండేది? తాళం వేసిన గేటు లోపల, హాస్టల్ గదిలో పడుకుని రీల్స్‌లో బెంగళూరు చూస్తుండేది.

విద్యార్థుల నైట్ లైఫ్ అనగానే మన టీవీ చర్చల్లో పబ్బు, డీజే, గంజాయి తప్ప ఇంకో బొమ్మ రాదు. ఆ బొమ్మతో కొలిచి, మా ఊళ్లో అలాంటివేం లేవని చాలామంది గర్వంగానే చెప్పుకుంటారు. కానీ రాత్రి ఏడున్నర దాటాక సప్తగిరి సర్కిల్ నుంచి టవర్‌క్లాక్ దాకా ఒకసారి నడిచి చూడండి. ఎగ్ రైస్ బండ్ల మీద గరిటెల టకటక, గోబీ వాసన, టీ బంకుల ముందు గుంపులు, ఒక్కో బైకు మీద ముగ్గురు. స్టడీ హాళ్లలో కానిస్టేబుల్‌కు, గ్రూప్స్‌కు, డీఎస్సీకి కూర్చున్నవాళ్లు పదకొండింటికి పుస్తకం మూసి టీ కోసం బయటికొస్తారు. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పెట్టినప్పుడు ఆ బంకుల దగ్గర పిల్లలు ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో నోట్సు పట్టుకుని నిలబడ్డారు. మద్యం చుక్క లేని, డీజే మోత లేని నైట్ లైఫ్ ఇది. మా ఊరికి బాగా నప్పింది కూడా.

ఆ గుంపుల్లో ఆడపిల్లల్ని లెక్కపెట్టబోతే మాత్రం ఒక చేతి వేళ్లే ఎక్కువవుతాయి.

తొంభైల చివర నేను పీజీ చదివిన రోజుల్లో మా హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకు పడేది. ఏ హాస్టలో చెప్పను, అప్పట్లో నాకు తెలిసినవన్నీ అంతే. ఏడుకు అటెండెన్స్, ఏడున్నరకు మెస్, ఆ తర్వాత మిద్దె మీదికి పోయి రోడ్డు దీపాలు చూడడం. మా క్లాసు మగపిల్లలు అదే వేళకు క్యాంటీను ముందరి కల్వర్టు మీద చేరేవాళ్లు. అక్కడ వాళ్లు ఏదో ఘనకార్యం చేసేవాళ్లని కాదు. క్రికెట్టు, సినిమా, ఊరి రాజకీయం, మధ్యమధ్య ఒకరినొకరు ఏడిపించుకోవడం. అయితే ఏ సార్ దగ్గర పీహెచ్‌డీ సీటు ఖాళీ అవుతోందో, లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్షకు ఎవరి నోట్సు పనికొస్తుందో, ఏ ప్రాజెక్టులో ఫెలోషిప్ పడబోతోందో ఆ కల్వర్టు మీదే తెలిసేది. సీనియర్లు వచ్చి కూర్చునేది అక్కడే. వాకింగుకొచ్చిన సార్లు కూడా ఒక్కోసారి అక్కడే ఆగేవాళ్లు. మాకు ఆ కబురు రెండు రోజుల తర్వాత, వడపోతలన్నీ దాటుకుని వచ్చేది. క్లాసులో మార్కులు మావే ఎక్కువ. దరఖాస్తు గడువులు మాత్రం మేం కనుక్కునేలోగా దాటిపోయేవి. నా రూమ్మేటు ఒకామె ఇలాంటి ఒక ఫెలోషిప్ గడువు ఒక్క రోజులో తప్పిపోయి, ఆ ఏడే పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ పెళ్లి మంచిదే, మనిషి సుఖంగానే ఉంది. కానీ ఆమె తెలివికి ఆ ఒక్క రోజు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

విద్యార్థుల సరదా అని మనం కొట్టిపారేసే దాంట్లో పరిచయాలు ఉంటాయి, ధైర్యం ఉంటుంది, నలుగురిలో మాట్లాడే అలవాటు ఉంటుంది. ఇంటర్వ్యూ గదిలో మగపిల్లవాడు కాలు మీద కాలేసుకోకుండానే ధీమాగా కనిపించడానికి, అంతకంటే ఎక్కువ చదివిన ఆడపిల్ల కుర్చీ అంచున కూర్చోవడానికి కల్వర్టుకూ మిద్దెకూ ఉన్న తేడా కొంత కారణమని నా నమ్మకం. నేనిప్పుడు పాఠాలు చెప్పే మనిషిని. ఏటా చూస్తున్నాను.

దీనికి తోడు ఊరి తీరు ఒకటి. ఆర్ట్స్ కాలేజీ 1916 నుంచీ ఊళ్లోనే ఉంది. నీలం సంజీవరెడ్డి చదివింది అక్కడే. 1946లో మద్రాసు గిండీలో మొదలై ఇక్కడికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి జేఎన్‌టీయూ, దాని పిల్లలు నడుచుకుంటూ ఊళ్లోకి రాగలరు. 1981లో యూనివర్సిటీ అయిన ఎస్కేయూకు, అంటే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకి వచ్చేసరికి ఊరు దాటి ఇటుకలపల్లి దాకా పోవాలి. 2018లో జేఎన్‌టీయూ భవనాల్లో మొదలైన సెంట్రల్ యూనివర్సిటీకి సొంత చోటు బుక్కరాయసముద్రం మండలం జంతులూరు దగ్గర ఇచ్చారు. చదువు పెద్దదయ్యే కొద్దీ ఊరు దూరమైపోతోంది. ఎకరాలు దొరికేది అక్కడే కాబట్టి తప్పదంటారు, సరే. ఆ ఎకరాల ఫైలులో రాత్రి చివరి బస్సు ఎన్నింటికో ఒక్క కాగితమన్నా పెట్టి ఉంటారా? బైకున్న వాడికి ఊరు అందుతుంది. లేని వాడు లిఫ్టు అడుగుతాడు. ఆడపిల్ల లిఫ్టు అడిగితే రేపు క్లాసులో కథ అవుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. పల్లెల నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలకు అది నిజంగా పెద్ద ఊరట, మా క్లాసుల్లో హాజరే చెబుతుంది. కానీ పొద్దుపోయాక క్యాంపస్ వైపు పోవాలంటే ఆ ఉచితం పనికిరాదు, ఆటో అతను అడిగినంత ఇచ్చుకోవాల్సిందే. అంత పెద్ద పథకం నడిపే సంస్థకు రాత్రి తొమ్మిదిన్నరకు టవర్‌క్లాక్ నుంచి ఎస్కేయూకు ఒకటి, జంతులూరుకు ఒకటి బస్సు వేయడం లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. అడిగే వాళ్లు లేరు. అడగాల్సిన వాళ్లు ఆ వేళకు గేటు లోపల ఉంటారు మరి.

ఇదంతా పట్నం పోకడ అనే వాళ్లతో నాకు పేచీ ఉంది. ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే జిల్లా ఇది. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ నలభై డిగ్రీలు. ఇక్కడ మనిషి ప్రాణం లేచి వచ్చేదే పొద్దుగూకాక. మిద్దెల మీద బొంతలు పరుచుకుని అర్ధరాత్రి దాకా ముచ్చట్లాడుకున్న జనం మనం. నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలు తెల్లవార్లూ ఆడితే, ముందు వరసలో ఆడవాళ్లే కూర్చునేవాళ్లు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులు, ముస్లిములు అని లేకుండా జనం పోటెత్తుతారు, అగ్నిగుండం కోసం రాత్రి మేలుకుంటారు, చంకన బిడ్డల్ని వేసుకున్న తల్లులతో సహా. దేవుడి పేరు చెప్పి తెల్లారేదాకా బయట ఉన్న ఆడపిల్లను ఎవరూ ఏమీ అనరు. లైబ్రరీ పేరు చెప్పి ఎనిమిది దాటితే అంటారు.

ఇక్కడ నాకు నేనే అడ్డం పడాలి. ఆ ఆరున్నర గేటు లేకపోతే మా నాయన నన్ను పంపేవాడే కాదు. కళ్యాణదుర్గం వైపు శెనక్కాయ పండించుకునే మనిషి. చేర్పించడానికి వచ్చిన రోజు కాంపౌండు గోడ ఎత్తు చూసి, వార్డెనమ్మతో మాట్లాడి, గేటు ఎన్నింటికి వేస్తారో రెండుసార్లు అడిగి, అప్పుడు గానీ ట్రంకుపెట్టె దించలేదు. ఆ తాళం నన్ను లోపల పెట్టింది, దానికంటే ముందు ఊరి నుంచి బయటికి తెచ్చింది. ఇవాళ కూడా ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటుతున్న ఆడపిల్లలు చాలామందికి ఆ తాళమే పూచీకత్తు. వార్డెన్ల మీద విరుచుకుపడే వాళ్లు ఇది మరిచిపోతారు. ఏదన్నా జరిగితే ముందు నోటీసు అందుకునేది ఆవిడే, వీసీ గారు కాదు.

భయాలు కూడా ఉత్తుత్తివి కావు. 2016 డిసెంబరు 31 రాత్రి బెంగళూరు ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు మీద గుంపులు ఆడవాళ్లను ఎలా వేధించాయో దేశమంతా చూసింది. గంజాయి కోసం మన రాష్ట్రం 2024లో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టాల్సి వచ్చింది. అయితే గంజాయి భయంతోనే తాళం వేస్తున్నామంటే అది ముందు మగపిల్లల హాస్టలుకు పడాలి కదా? ఇక వీవీ పురం బీదిలో ఆ రాత్రి నా కూతురి పక్కన మనవళ్లను వెంటేసుకొచ్చిన అవ్వలు, చంటిబిడ్డల తల్లులు ఉన్నారట. ఆ బీదిలో ఆడపిల్ల నిశ్చింతగా నిలబడింది పోలీసును చూసి కంటే వాళ్లను చూసే. మన సర్కిళ్లలో ఎనిమిదికల్లా ఆడవాళ్లందరినీ ఇళ్లకు తోలేసి, తర్వాత ఆ రోడ్డు ఆడవాళ్లకు మంచిది కాదంటున్నాం.

నియమాల సంగతికొస్తే, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2016లోనే నోటిఫై చేసిన నిబంధనల్లో స్పష్టంగా రాసింది. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకు మగపిల్లలకంటే వేరే నియమాలు పెట్టకూడదని, వాళ్ల రాకపోకల మీద అతి నిఘా ఉండకూడదని. ఈ పేరా ఏ హాస్టల్ నోటీసు బోర్డు మీదా నేను చూడలేదు. కేరళలో కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు 2022లో రాత్రి పది గంటల గేటు మీద కోర్టుకెక్కారు. తాళం ఆడపిల్లలకే ఎందుకని హైకోర్టు అడిగింది. ఆ తర్వాత ప్రభుత్వం అబ్బాయిలకూ అమ్మాయిలకూ గేటు తొమ్మిదిన్నర చేసి, రెండో ఏడాది నుంచి ఆలస్యమైతే రిజిస్టరులో రాసి లోపలికి రావచ్చంది. మా నాయన లాంటి తండ్రికి ఆ రిజిస్టరు చూపించవచ్చు, ఒప్పించవచ్చు. నాకు ఆ పద్ధతి నచ్చింది, అందులో గోడ పడగొట్టే ఆవేశం లేదు.

మన రాష్ట్రమే 2025లో ఫ్యాక్టరీల చట్టం సవరించి, సమ్మతి ఉంటే, రవాణా, భద్రత ఏర్పాట్లు చేస్తే ఆడవాళ్లు రాత్రి షిఫ్టు చేయవచ్చంది. ఇరవై రెండేళ్లకు యంత్రం ముందు రాత్రి రెండింటికి నిలబడగల అమ్మాయి, ఇరవై ఒక్క ఏళ్లకు క్యాంపస్ లైబ్రరీలో తొమ్మిదిదాకా కూర్చోలేకపోవడం ఏమిటో ఎవరైనా చెబితే వింటాను. రవాణా, భద్రత ఏర్పాట్లు అన్న ఆ రెండు మాటలే యూనివర్సిటీకి రాసివ్వమంటున్నాను.

దసరా సెలవులకు పాప వచ్చింది. రాత్రి తొమ్మిదికి ‘మా, ఎగ్ రైస్ తినొద్దాం పా’ అంది. ఇదంతా రాయాలని అప్పటికే అనుకుంటున్న నేను, నా నోటితో నేనే ‘ఇప్పుడా? ఎవరన్నా చూస్తే?’ అన్నాను. అది నా మొహంలోకి చూసింది. మారు మాట్లాడకుండా చెప్పులేసుకున్నాను. సర్కిల్ దగ్గర బండి చుట్టూ అందరూ మగపిల్లలే, ఇద్దరు ముగ్గురు నా స్టూడెంట్లు కూడా. నన్ను చూసి పళ్లేలు దాచుకోవాలో నమస్తే పెట్టాలో తెలియక అటూ ఇటూ కదిలారు. బండి అతను గరిటె ఆపకుండానే ‘పార్సిలే కదా మేడం?’ అన్నాడు.

‘లేదన్నా, ఈడే తింటాం’ అంది పాప.

అతను ఒకసారి తలెత్తి, మాకోసం స్టూలు వెతికాడు. ఉన్నది ఒక్కటే. దాని మీద నీళ్ల క్యాను ఉంది.