పుకారుకూ ప్రమాణం ఉంది

ఫుట్‌బాల్ అభిమానులు ఆధారాల్లేకుండా మాట్లాడతారని ఒక అపవాదు ప్రచారంలో ఉంది. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆటగాళ్లు క్లబ్బులు మారగలిగే ట్రాన్స్‌ఫర్ విండో తెరిచి ఉన్న రోజుల్లో, గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న ఓ స్ట్రైకర్ బద్ధశత్రువు క్లబ్‌కి పోతున్నాడన్న పుకారు మీద రెండు వర్గాలు వాదించుకుంటుంటే ఒక్కసారి శ్రద్ధగా వినండి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని మన తార్కికులు చెప్పిన నాలుగు ప్రమాణాలూ అక్కడ రోజువారీ వాడకంలో ఉన్నాయి. గౌతముడి న్యాయశాస్త్రం ఇవాళ ఎక్కడైనా బతికి ఉందంటే, అది స్ట్రైకర్ వేసుకునే తొమ్మిదో నంబరు జెర్సీ చుట్టూనే.

అన్నిటికన్నా బలమైనది అనుమాన ప్రమాణం, అంటే గుర్తును బట్టి ఊహించడం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నట్టే. స్ట్రైకర్ తన ఇన్‌స్టాగ్రామ్‌లో క్లబ్ పేరు తీసేశాడంటే పొగ. అతని భార్య వేరే ఊరి ఫొటోకి లైక్ కొట్టిందంటే దట్టమైన పొగ. బెంచ్ మీద కూర్చుని నవ్వలేదంటే వెళ్లిపోతున్నాడు. నవ్వాడంటే కచ్చితంగా వెళ్లిపోతున్నాడు, ఉండేవాడికి అంత నిశ్చింత ఎక్కడిది? విమానాలను ట్రాక్ చేసే యాప్‌లు వచ్చాక ఈ శాస్త్రం ఆకాశానికెక్కింది. ఓ ప్రైవేట్ జెట్ ఆ ఊళ్లో లేచి ఈ ఊళ్లో దిగితే లోపల ఉన్నది మన స్ట్రైకరే. ఎవరో వ్యాపారి తన పని మీద తాను తిరుగుతున్నాడనే వాదన బొత్తిగా అశాస్త్రీయం.

2013 వేసవిలో ఆర్సెనల్, లూయిస్ సువారెజ్ కోసం లివర్‌పూల్‌కు 4 కోట్ల ఒక్క పౌండు ఇవ్వజూపింది. 4 కోట్లు దాటిన ఆఫర్ వస్తే తలుపు తెరుచుకునే క్లాజ్ కాంట్రాక్టులో ఉందని వాళ్ల నమ్మకం. ఆ ఒక్క పౌండూ తాళంచెవి అన్నమాట. ఆర్సెనల్ మైదానం ఎమిరేట్స్‌లో వీళ్లు ఏం పీలుస్తున్నారంటారు అనే అర్థంలో లివర్‌పూల్ యజమాని జాన్ హెన్రీ ట్వీట్ చేశాడు. అలాంటి క్లాజ్ నిజంగానే ఉందని మరుసటి ఏడాది ఆయనే బయటపెట్టాడు. పొగా ఉంది, నిప్పూ ఉంది, అన్నం మాత్రం ఉడకలేదు. సువారెజ్ అక్కడే ఉండి ఆ సీజన్ లీగ్‌లో 31 గోల్స్ కొట్టి, 2014లో బార్సిలోనాకు వెళ్లాడు. ఆ ఒక్క పౌండు అవమానమా, తెలివా అన్న విషయంలో పండితులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. ఇంకో పౌండు వేసి ఉంటే గౌరవంగా ఉండేదని నా అభిప్రాయం.

కళ్లారా చూస్తే నమ్ముతామనే వాళ్ల సంగతి మరీ దయనీయం. 1989 మే నెలలో స్ట్రైకర్ మో జాన్‌స్టన్ గ్లాస్గో క్లబ్ సెల్టిక్ జెర్సీ వేసుకుని ఫొటోగ్రాఫర్ల ముందు నిలబడ్డాడు. జులైలో అదే ఊళ్లోని బద్ధశత్రువు రేంజర్స్‌లో చేరాడు. నవంబరులో సెల్టిక్ మీదే చివరి నిమిషాల్లో విజయపు గోల్ కొట్టాడు. ప్రత్యక్ష ప్రమాణానికి గ్లాస్గోలో అప్పటి నుంచి విలువ లేదు. 2013 జనవరిలో విండో మూసుకునే డెడ్‌లైన్ డే నాడు పీటర్ ఓడెంవింగీ స్వయంగా కారేసుకుని లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ మైదానం దగ్గరికి వెళ్లిపోయాడు. సొంత క్లబ్ వెస్ట్ బ్రామ్ ఒప్పుకోకపోవడంతో అదే కారులో వెనక్కి వచ్చాడు. పుకారును అతనొక్కడే పూర్తిగా నమ్మాడు పాపం.

ఉపమానం గురించి ఎక్కువ చెప్పను. ఎవడు జట్టు మారినా 2016లో 9 కోట్ల యూరోలకు నాపొలి నుంచి యువెంటస్‌కు పోయిన స్ట్రైకర్ హిగువాయిన్‌తో పోలుస్తారు, అంతే.

నాలుగో ప్రమాణాన్ని చివరికి ఉంచి, ముందు తీర్పు సంగతి చెబుతాను. ఇక్కడ అభిమానుల నిష్పక్షపాతం చూసి తీరాలి. 29 ఏళ్ల స్ట్రైకర్ మనవైపు వస్తుంటే పరిణతి, అటు పోతుంటే ముసలితనం. గాయాలు మనకైతే దురదృష్టం, వాళ్లకైతే వైద్య నివేదిక. 2012 ఆగస్టులో రాబిన్ వాన్ పెర్సీ ఆర్సెనల్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లినప్పుడు అతనికి సరిగ్గా 29. తనలోని చిన్నపిల్లాడు యునైటెడ్ అని అరిచాడని చెప్పుకున్నాడు. ఆ పిల్లాడు ఆర్సెనల్‌లో 8 ఏళ్ల పాటు ఎందుకు నోరెత్తలేదో అడిగినవాళ్లకు జవాబు రాలేదు. ముసలివాడైపోయాడని ఆర్సెనల్ ఉండే ఉత్తర లండన్ తనను తాను ఓదార్చుకుంది. ఆ ముసలాయన లీగ్‌లో 26 గోల్స్ కొట్టి యునైటెడ్‌ను చాంపియన్ చేశాడు. 2013 ఏప్రిల్ 28న ఎమిరేట్స్‌కు వస్తే, చాంపియన్లకు మర్యాద చేసే ఆనవాయితీ ప్రకారం ఆర్సెనల్ ఆటగాళ్లు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడుతూ అతన్ని లోపలికి పంపాల్సి వచ్చింది. మర్యాదకు బదులుగా అతను పెనాల్టీ గోల్ కొట్టి మ్యాచ్‌ను డ్రా చేశాడు.

దీనికి పూర్తి విరుద్ధం ఫెర్నాండో టోరెస్. 2011 జనవరి 31న లివర్‌పూల్ నుంచి చెల్సీకి 5 కోట్ల పౌండ్లకు వెళ్లాడు, అప్పటికి అది బ్రిటిష్ రికార్డు. తొలి మ్యాచ్ లివర్‌పూల్ మీదే, చెల్సీ ఓడింది. తొలి గోల్‌కు ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. జెర్సీలు తగలబెట్టిన లివర్‌పూల్ అభిమానులు ఎంత నవ్వాలో అంతా నవ్వేవారే, కానీ అదే రోజు తమ క్లబ్ అతని బదులు తెచ్చుకున్న ఆండీ కారల్‌కు 3.5 కోట్లు పోసిందన్న విషయం గొంతుకు అడ్డుపడింది.

వీళ్లందరికన్నా నేరస్తుడు నా దృష్టిలో లెవాండోస్కీ. డార్ట్‌మండ్ నుంచి బయర్న్‌కు వెళ్తున్న సంగతి 2014 జనవరిలోనే అధికారికంగా ప్రకటించేశారు. వేసవి అంతా అభిమానులు ఏం మాట్లాడుకోవాలి?

ఈమధ్య ఈ విద్యలోకి అకౌంటెన్సీ కూడా ప్రవేశించింది. సొంత జీతం స్లిప్పు ఏనాడూ చదవనివాడు, 10 కోట్ల ఫీజును ఐదేళ్ల కాంట్రాక్టు మీద పరిచి ఏడాదికి 2 కోట్లే కదా అని క్లబ్ యజమానికి ధైర్యం చెబుతున్నాడు. చెల్సీ ఎనిమిదేళ్ల కాంట్రాక్టులతో ఆ చాపను మరీ పొడవుగా పరవడంతో, లెక్కలకు ఐదేళ్లే గరిష్ఠమని 2023లో యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ యుయెఫా గిరి గీసింది. అవతలి వర్గానికి ఆ రోజు పండగ.

చివరిది శబ్ద ప్రమాణం, అంటే ఆప్తవాక్యం, నమ్మదగినవాడి మాట. ట్రాన్స్‌ఫర్ వార్తల విలేకరి ఫాబ్రిజియో రొమానో, బేరం ఖాయమనే అర్థంలో 'హియర్ వి గో' అన్నాడంటే అది వేదం. మిగతా విలేకరుల్లో, మనవాడు ఉంటాడని రాసినవాడు ఆప్తుడు, పోతాడని రాసినవాడు అమ్ముడుపోయినవాడు. ఆ వార్త వాళ్లకు ఎవరిచ్చారని మాత్రం ఎవరూ అడగరు. ఏజెంటుకు జీతం పెంచే బేరానికి ఓ శత్రువు క్లబ్ పేరు కావాలి. అమ్మే క్లబ్‌కు వేలంపాటలో రెండో గొంతు కావాలి. విలేకరికి సాయంత్రానికి ఓ వార్త కావాలి. ముగ్గురి అవసరాలూ తీరే సరికి స్ట్రైకర్ తన పాత క్లబ్‌లోనే, పెరిగిన జీతంతో, కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెడతాడు. వాడు మాకు అక్కర్లేదని ముందే అన్నామంటుంది ఒక వర్గం. వాడి రక్తంలోనే విధేయత ఉందంటుంది రెండోది. కొత్త కాంట్రాక్టులో, ఇంత డబ్బిస్తే వదిలేస్తామనే రిలీజ్ క్లాజ్ ఉందా లేదా అన్న దగ్గర ఇద్దరూ మళ్లీ వాదనకు దిగారు. ఉన్నట్టు నమ్మదగిన వర్గాల భోగట్టా.