మా డెక్కు మీది ఎనామెల్ పెయింటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చాక్లెట్ రంగు ఎనామెల్ పెయింటు గారికి,

హన్మకొండ నుంచి ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరన్న సంగతి రోజూ మా అరికాళ్లకు అంటుకుని హాల్లోకి వచ్చి మరీ చెబుతున్నారు కాబట్టి ఆ ముక్క అడగడం లేదు.

ఈ ఉత్తరం పదిమందీ చదువుతారు గనుక ముందు మీ డ్యూటీ ఎక్కడో చెప్పాలి. వడ్డేపల్లి చెరువు దిక్కున మా ఇల్లు. ఇంటి వెనక జామచెట్టు పక్కన చెక్క పలకలతో ఒక వేదిక ఉంది. డాలస్‌లో ఉండే మా అబ్బాయి దాన్ని డెక్కు అంటాడు. మా అమ్మ మంచె అంటుంది. మక్కచేనుకు కావలి కాయడానికి మంచె వేస్తారు గానీ, సిమెంటు ఇంటి వెనక మంచె మీదెక్కి ఏ పిట్టల్ని కొట్టాలని ఆమె అనుమానం. కట్టె మాత్రం పరాయిది కాదు. పరకాల దగ్గర మా ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు. దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు అన్నీ కోత మిషన్‌కు తీసుకెళ్లి పలకలు కోయించాం. సాయంత్రం చాయ్ తాగుతూ కూచోవడానికి అంతకంటే ఏం కావాలి?

మీరు కావాలన్నారు అందరూ.

షాపులో కౌంటర్ వెనకున్న పెద్దమనిషి మీ గుణగణాలు వర్ణిస్తుంటే పెళ్లిచూపుల్లో మధ్యవర్తి కూడా అంత చెప్పడనిపించింది. "అవుట్‌డోర్ స్పెషల్ సార్. ఎండ పట్టది, వాన పట్టది. ఏడేండ్లు మళ్ల చూసే పని లేదు." డబ్బా మీద గ్యారంటీ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కిందనే, కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత సన్నగా, నీళ్లు నిలిచే సమతల భాగాలకు ఇది వర్తించదనీ ఉంది. డెక్కు అంటేనే ఆకాశం కేసి వెల్లకిలా పడుకున్న కట్టె. అందులో సమతలం కానిదేది? గోడకైతే వాన తగిలి జారిపోతుంది. పలక మీద పడ్డ వాన అక్కడే కూచుని, దారి వెతుక్కుని, లోపలికి దిగుతుంది. మీ గ్యారంటీ రాసినవాడు మహా తెలివైనవాడు, ఆయనకు నా దండాలు చెప్పండి.

సరే, పని మొదలైంది. దసరాకు చుట్టాలొస్తారు, ఆలోపు అయిపోవాలి. పెయింటర్ తమ్ముడు రెండు రోజుల్లో తేల్చేశాడు. పాత రంగున్న పలకల మీద సాండ్ పేపర్‌తో అటోసారి ఇటోసారి అన్నాడు. పగుళ్లలో లప్పం కూరాడు. లప్పం ఇంటి లోపలి గోడకు పెట్టేది, ఎండావానల్లో ఉబ్బి కుంగే కట్టెలో అది ఎంతకాలం నిలుస్తుందని అడిగితే, "రెండు కోట్లు పడ్డంక అద్దం లెక్క మెరుస్తది సార్, ఏం టెన్షన్ పడకుండ్రి" అన్నాడు. మెరిసింది నిజమే. పలకల కింది వైపు కూడా వెయ్యమంటే అతను నన్ను చాలా జాలిగా చూశాడు. "కింది దిక్కు ఎవలు చూస్తరు సార్?"

ఎవరు చూశారో తర్వాత తెలిసింది. తేమ చూసింది. మట్టిలోంచి లేచే ఆవిరి రంగులేని కింది వైపు నుంచి కట్టెలోకి ఎక్కుతుంది. పైన ఎండ కాయగానే బయటపడాలని చూస్తుంది. అక్కడ మీరు తలుపేసుకుని ఉంటారు. అది తొయ్యడం, మీరు పూరీలా పొంగడం, పొంగిన చోట పగలడం. మా మనవరాలు ఆ పొక్కుల్ని వేలితో నొక్కి పేల్చడం ఓ ఆటగా పెట్టుకుంది. నొక్కితే లోపల్నుంచి చుక్క నీరు కూడా వచ్చేది. వాన కురిసి వారమైనా సరే.

మీరు ఊడిన తీరు కూడా గమనించాను. ముందు పలకల కొసలు, తర్వాత మేకుల తలల చుట్టూ, చివరికి మధ్యలో. కొసల్లో వింతేం లేదు. చెట్టు నీళ్లు తాగిన గొట్టాలన్నీ అక్కడే తెరుచుకుని ఉంటాయి, పలక వెడల్పు వైపు కంటే కోసిన కొస చాలా ఎక్కువ నీళ్లు పీలుస్తుంది. వానాకాలంలో కట్టె అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. ఓరుగల్లు ఎండ సంగతి మీకు డబ్బాలో ఉన్నప్పుడు ఎవరూ చెప్పినట్టు లేదు. మే నెలలో 44 డిగ్రీలంటే మాకు వార్తే కాదు. ముదురు రంగు మీద ఆ ఎండ పడితే మధ్యాహ్నం ఆ పలక మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. రోజూ కాలీ కాలీ మీలో ఉన్న సాగే గుణం పోయింది. కింద కట్టె కదులుతుంటే పైన మీరు బిగుసుకుపోయారు. ఇంకేముంది, పగుళ్లు.

వానల మాట కూడా ఎత్తాలి. 2023 జూలై 27 పొద్దున ఎనిమిదిన్నర దాకా లెక్కేస్తే, 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాని వాన అది. ఇక్కడ నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి వచ్చింది. జనం సామాన్లు మేడ మీదికి మోసుకున్న రోజులవి. అలాంటి ఊళ్లో మీరు "ఎండ పట్టది, వాన పట్టది" అనిపించుకుని ఉద్యోగంలో చేరారంటే మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఇక మీ వీపు గురించి. ఊడిన పెచ్చును తిరగేసి చూడడం ఈ మధ్య నాకు అలవాటైంది. జాతకం అంతా అక్కడే ఉంటుంది. ఒక పెచ్చు వెనక సన్నని బూడిద రంగు నార అంటుకుని వచ్చింది. అంటే మీరు కట్టెను గట్టిగానే పట్టుకున్నారు, కట్టె పైపొరే బతికి లేదు. నెలల తరబడి ఎండలో పడేసి ఉంచిన పలకల పైపొర చివికిపోతుంది, దాన్ని గీకకుండా పూస్తే మీరు పట్టుకునేది చచ్చిన నారనే. ఇంకో పెచ్చు వెనక అద్దంలా నున్నగా, ఆకుపచ్చ ఛాయతో ఉంది. అది మా తాత నాటి తలుపు రంగు, మెరుపు చావకుండానే దాని మీద మిమ్మల్ని పూసినట్టు. మూడో పెచ్చు వెనక ఏమీ లేదు, కాస్త జిడ్డు తప్ప. ఆ జిడ్డే అసలు కథ. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు దాని జోలికి తేలిగ్గా రాకపోవడానికి, ఇన్నేళ్లు ఊళ్లో మా ఇంటి వాసాలు చెక్కు చెదరకపోవడానికి కట్టెలో ఉన్న ఇలాంటి సరుకే కారణం. పూసే ముందు థిన్నర్ గుడ్డతో తుడిస్తే పైనున్న జిడ్డు పోయి మీకు కాస్త పట్టు దొరికేది. తుడవలేదు. తనను తాను కాపాడుకోగల కట్టె మీద కాపలాకు పెట్టి, నిలబడడానికి చోటు కూడా చూపించలేదు మీకు. ఆ విషయంలో నాకు మీ మీద కొంచెం జాలే.

కానీ జాలి ఎక్కువసేపు ఉండనివ్వరు మీరు. మా రాజకీయాల్లో జంప్ జిలానీలని ఉంటారు, వినే ఉంటారు. మొన్నటిదాకా ఒక కండువా, పొద్దున లేచేసరికి ఇంకొకటి. వాళ్లు కూడా వెళ్లేముందు ఓ ప్రెస్ మీట్ పెట్టి నియోజకవర్గ అభివృద్ధి కోసమని ఒక ముక్క చెప్పి పోతారు. మీరు అదీ లేదు. ఎవరి కాలు తగిలితే వాళ్లతో వెళ్లిపోవడమే. హాల్లో చాప మీద మీరే, దేవుడి గదిలో మీరే, ఉతికి ఆరేసిన పంచె అంచున మీరే. ఒక్క డెక్కు మీద తప్ప అన్నిచోట్లా గట్టిగా అతుక్కుంటున్నారు.

మీ వెనక ఉన్న అసలు మనిషిని కూడా వదలను. ఆ మనిషి పేరు "దసరాకు రంగు". మా దిక్కు ఇది ఆచారం. బతుకమ్మ తొమ్మిది రోజుల్లోపు ఇల్లు మెరవాలి, ఆడబిడ్డలొస్తారు, జమ్మి పెట్టి అలాయ్‌బలాయ్ తీసుకోవడానికి నలుగురూ వస్తారు. గోడలకు సున్నం వేసిన కాలంలో ఇందులో తప్పేమీ లేదు, సున్నం ఏడాదికోసారి ఊడినా ఏడాదికోసారి వేస్తారు. అదే తేదీని ఎనామెల్‌కు, కట్టెకు పెట్టడమే విడ్డూరం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కట్టె నిండా నీళ్లు తాగి ఉంటుంది. దసరా ముందరంటే ఏడాదిలో అది ఎక్కువగా ఉబ్బి ఉండే రోజులు. సరిగ్గా అప్పుడే మూత బిగించినట్టు మిమ్మల్ని పూస్తాం. నిజానికి దీపావళి దాటాక, చలికాలం పొడి గాలిలో కట్టె నెమ్మదిగా ఆరుతుంది. మేడారం అమ్మవార్లకు బంగారమని బెల్లం మోసుకెళ్లే మాఘమాసంలో పలక ఎండి, ఎండ కూడా ఇంకా ముదరక, పనికి అనువుగా ఉంటుంది. కానీ మాఘంలో రంగు వేస్తే చూడడానికి ఎవరొస్తారు? చుట్టాలు దసరాకు వస్తారు. కాబట్టి దసరాకే వేస్తాం, ఉగాదికి పొక్కులొస్తాయి, మృగశిర కార్తె వానలకు పెచ్చులొస్తాయి, మళ్లీ దసరాకు దాని మీదే ఇంకో కోటు. ఈ ఏర్పాటులో నష్టపోయేవాడు ఇంటి యజమాని ఒక్కడే, మిగతా అందరికీ ఏటా పని.

ఒక మాట ప్రసంగవశాత్తూ. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడి నల్లరాతి మదనికల శిల్పాల మీద ఇప్పటికీ మెరుపుంది. నున్నగా నూరిన మెరుపే గానీ పూసిన మెరుపు కాదది. రాయికీ కట్టెకూ పోలిక ఏమిటని మీరనొచ్చు. నిజమే. కానీ పూసేవాడి కంటే నూరేవాడికి ఎక్కువ రోజులు ఇచ్చిన కాలం ఒకటి ఈ జిల్లాల్లోనే ఉండేదని మా పెయింటర్ తమ్ముడికి చెబుదామనుకున్నాను. అతను అప్పటికే ఇంకో దసరా ఇంటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిమ్మల్ని ఆ పోస్టు నుంచి తప్పిస్తున్నాం.

గౌరవంగానే తప్పిస్తాం, ఎందుకంటే మీ కింద ఉన్న ఆకుపచ్చ పెద్దాయన మామూలువాడు కాదు. ఇళ్లకు వేసే రంగుల్లో విషపదార్థమైన సీసం పదిలక్షలకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. తాత కాలపు తలుపు రంగులో ఎంత సీసం ఉందో అడిగేవాడే అప్పట్లో లేడు. అందుకని పొడి సాండ్ పేపర్‌తో దుమ్ము రేపడం, మంట పెట్టి కాల్చడం రెండూ బంద్. కింద పట్టా పరిచి, ముక్కుకు మామూలు గుడ్డ కాకుండా మంచి మాస్కు కట్టుకుని, నీళ్లు చిలకరిస్తూ తడి మీద గీకించాలి. రాలిన ముక్కలన్నీ ఎత్తి సంచిలో మూట కట్టాలి, జామచెట్టు మొదట్లోకి ఊడ్చెయ్యకూడదు. మనవరాలి పొక్కుల ఆట ఇవాళ్టి నుంచే రద్దు. అది ఒప్పుకోలేదు, బదులుగా బబుల్ ప్యాకింగ్ కవరు ఇచ్చాం, బేరం కుదిరింది.

మీ స్థానంలో ఇంకో పెయింటు రాదు, ఆ బెంగ వద్దు. కట్టె పూర్తిగా ఆరాక, మీద నీళ్ల చుక్క వేస్తే ముత్యంలా నిలబడకుండా ఇంకిపోతున్నదని చూసుకున్నాక, లోపలికి దిగే డెక్కు నూనె పడుతుంది. పలచగా పూసి, పావుగంటకు మిగిలింది తుడిచేయడమే. కింది వైపు, కొసలు, మేకుల గుంతలు అన్నీ. ఎవలు చూస్తరని ఎవరూ అనకూడదు. అది పైన పొర కట్టదు, పొరే లేనప్పుడు ఊడేదేముంది? ఏడాదికో రెండేళ్లకో వెలిసిపోతుంది, అప్పుడు కడిగి ఇంకో చేయి వేస్తాం. వెయ్యకపోయినా టేకు బూడిద రంగుకు తిరుగుతుందంతే. అవిసె నూనె కలిసిన రకమైతే ఒక జాగ్రత్త ఉంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్లో ముంచాలి. పనివాళ్లకు ఇది చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి, గుడ్డలు మాత్రం తీగ మీదే.

ఇదంతా మాఘంలో. ఈలోపు వచ్చే దసరాకు మీరు సగం ఊడి, సగం ఉండి చుట్టాలకు దర్శనమిస్తారు. మా బావ "ఏంది బావా, రంగు ఎయ్యలేదా?" అని తప్పకుండా అడుగుతాడు. మీ సమాధానం మీరే ఆలోచించుకోండి, నాది నేను చూసుకుంటాను. అమ్మ మాత్రం మంచి సలహా ఇచ్చింది. "దాని మీద జంపఖానా పరువు, ఎవనికి కనవడ్తది?"

చివరగా మీ బదిలీ ఉత్తర్వు. డబ్బాలో అడుగున ఇంకా పావు లీటరు దాకా మీరున్నారు. మీ మీద మాకు కక్షేమీ లేదు, ఇనుము మీద మీకు మంచి పేరుందని విన్నాం. వీధి గేటుకు తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ పూయించి ఉంచాం. ఇనుము నీళ్లు తాగదు, అడ్డంగా ఉబ్బదు, పైగా గేటు నిలువుగా నిలబడి ఉంటుంది కాబట్టి మీ గ్యారంటీ కూడా అక్కడ చెల్లుతుంది. వచ్చే ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే డ్యూటీలో చేరగలరు. గడ్డకట్టి ఉంటే ముందుగా తెలియజేయండి, టర్పెంటైన్ తెప్పిస్తాం.

ఇట్లు,
డెక్కు యజమాని,
హన్మకొండ