పదకొండు పాయింట్ల కీర్తి

చరిత్ర గెలిచినవాళ్లనే గుర్తుపెట్టుకుంటుందనే పాత ఫిర్యాదును ఇంగ్లండులోని డెర్బీ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్బు ఒక్క సీజన్‌లో కొట్టిపారేసింది. ఆ దేశపు అత్యున్నత లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 2007–08లో 38 మ్యాచ్‌లు ఆడి, ఒకటి గెలిచి, ఎనిమిది డ్రా చేసుకుని, మిగిలిన 29 ఓడి, 20 గోల్స్ కొట్టి, 89 గోల్స్ ఇచ్చుకుని, చివరికి గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి లెక్కన 11 పాయింట్లు మిగుల్చుకుంది. అంత తక్కువతో సరిపెట్టుకోగల నిగ్రహం అంతకుముందు ఆ లీగ్‌లో మరే జట్టూ చూపలేదు.

ఇదేదో ఊరూ పేరూ లేని క్లబ్బు కాదు. 1884లో పుట్టి, 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించిన పన్నెండింటిలో ఒకటై, 1972లోనూ 1975లోనూ దేశ ఛాంపియన్‌గా నిలిచింది. అయితే ఆ 1972 టైటిల్ సంగతి కాస్త తరచి చూడాలి. తమ మ్యాచ్‌లన్నీ ముగించుకున్న ఆటగాళ్లు మయోర్కా దీవికి సెలవులకు వెళ్లిపోయారు, మేనేజర్ బ్రయాన్ క్లఫ్ కూడా కుటుంబంతో విహారంలో ఉన్నారు. ఇక్కడ టైటిల్ పోటీలో ఉన్న లీడ్స్ ఓడి, లివర్‌పూల్ డ్రా చేసుకోవడంతో టైటిల్ దానంతటదే వచ్చి వీళ్ల ఒళ్లో పడింది. అలా దక్కినదాన్ని కష్టార్జితమనడానికి మనసొప్పదు. 2008 నాటి 11 పాయింట్లు మాత్రం అచ్చమైన స్వార్జితం.

పోనీ శాపమనుకుందామా అంటే, ఆ సౌకర్యమూ లేదు. పాత మైదానమైన బేస్‌బాల్ గ్రౌండ్ నుంచి వెళ్లగొట్టబడిన జిప్సీలు శపించారని ఒక కథ ఉండేది. ఇంగ్లండు నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్‌లో 1898, 1899, 1903 ఫైనల్స్ ఓడిపోవడానికి, అందులో చివరిది బరీ చేతిలో 6–0తో ఓడిపోవడానికి, ఆ కథ బాగా అక్కరకొచ్చింది. 1946 ఫైనల్‌కు ముందు కెప్టెన్ స్వయంగా వెళ్లి శాపం తీయించుకొచ్చాడని చెబుతారు, ఆ ఏడు కప్పు కూడా గెలిచారు. 1997లో మైదానమే మారింది. కొత్తదాని పేరు ప్రైడ్ పార్క్, అంటే సాక్షాత్తూ గర్వం పేరు పెట్టుకున్న చోటు. ఆడలేక మద్దెల ఓడు అందామంటే మద్దెల కూడా కొత్తదే.

ఆ ఏకైక విజయం 2007 సెప్టెంబరు 17 రాత్రి న్యూకాజిల్ మీద దక్కింది. కొత్తగా చేరిన కెనీ మిల్లర్ చాలా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా వలలోకి దూసుకుపోయింది. ఆ ఒక్క గోలే మ్యాచ్‌ను గెలిపించింది. ఆ తర్వాత 32 మ్యాచ్‌లపాటు గెలుపు జోలికి పోలేదు. జట్టును పై లీగ్‌కు తెచ్చిన మేనేజర్ బిల్లీ డేవిస్ నవంబరులో వెళ్లిపోగా, ఆయన స్థానంలో వచ్చిన పాల్ జువెల్ ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవకుండా సంప్రదాయాన్ని కాపాడారు. మార్చి 29న ఫుల్హమ్‌తో 2–2 డ్రా చేసుకున్న రోజునే దిగువ లీగ్‌కు పోవడం ఖాయమైంది. ఓడినప్పుడు పడిపోవడం ఎవరికైనా చేతనవుతుంది, ఓడని రోజున పడిపోవడానికి సాధన కావాలి. ఇంత జరుగుతున్నా సొంత మైదానానికి మ్యాచ్‌కు సగటున 30 వేల మందికి పైగా వస్తూనే ఉన్నారు. (ఈ భక్తికి వేరే పేరు పెట్టాలని ఉంది గాని, వాళ్లు టికెట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు.)

ఇంతటి రికార్డుకు 2024–25లో సౌతాంప్టన్ నుంచి గండం వచ్చింది. ఇంకా ఏడు మ్యాచ్‌లుండగానే దిగువకు జారి, డెర్బీ కంటే ముందే పతనమైన ఘనతను లాక్కున్న ఆ జట్టు 11 పాయింట్ల దగ్గర ఆగి డెర్బీ సరసన కూర్చుంది. అయితే మే 10న, అంతకుముందు ఏటి ఛాంపియన్ మాంచెస్టర్ సిటీని 0–0తో నిలువరించి, అక్కరలేని 12వ పాయింటు తెచ్చుకుంది. పట్టికలో అట్టడుగునే ఉన్న జట్టు అభిమానులు గోలే లేని ఆ ఆటకు పండగ చేసుకున్నారు. ప్రైడ్ పార్క్ బయట క్లఫ్ విగ్రహం ఉంది. దాని పక్కన 11 అని చెక్కిన ఒక రాయికి చోటివ్వాలని నా మనవి. ఖర్చులో సగం సౌతాంప్టన్‌ను అడగవచ్చు.