గ్యాస్ అయిపోయిందనే ముందు ఆ పైపు ముట్టుకొని చూడండి

మా వరంగల్, హన్మకొండలలో ఎండాకాలం ఐస్ మెషీన్ కాస్త తక్కువ ఐస్ ఇచ్చిందంటే చాలు, వచ్చిన మెకానిక్ మొదట అనే మాట "గ్యాస్ అయిపోయిందన్నా, కొట్టాలె" అనే. ఇదే పని మీద బతుకుతున్న నాకు ఈ మాట వింటే బాధా కోపమూ రెండూ కలుగుతాయి. మెషీన్‌ను చల్లబరిచే ఈ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసిన పైపుల్లోనే తిరుగుతుంది కనుక, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టుకోకుండా గ్యాస్ కొట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

పోయిన మే నెలలో ఒక జ్యూస్ సెంటర్ వాళ్లు పిలిచారు. అప్పటికే రెండుసార్లు గ్యాస్ కొట్టించుకున్నా వాళ్లకు రావలసిన ఐస్‌లో సగం కూడా రావడం లేదు. నేను గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజుల జోలికి పోకుండా, ప్యానెల్ విప్పి, వేడిని బయటికి వదిలే కండెన్సర్ శుభ్రంగానే ఉందని చూసుకొని, మెషీన్ ఐస్ కట్టే దశ మొదలైన ఐదు నిమిషాలకు హాట్ గ్యాస్ వాల్వు దాటాక ఉండే పైపును వేలితో తాకాను. చల్లబడి ఉండవలసిన ఆ పైపు చురుక్కుమంది. కట్టిన ఐస్‌ను పలక నుంచి విడిపించేటప్పుడు మాత్రమే తెరుచుకోవలసిన వాల్వు, ఐస్ కడుతున్నంతసేపూ వేడి గ్యాస్‌ను లోపలికి వదులుతోంది. ఉన్న గ్యాసంతా సిలిండర్‌లోకి తీసి, వాల్వు మార్చి, పైపుల్లోని గాలీ తేమా లాగేసేలా వాక్యూమ్ పట్టి, నేమ్‌ప్లేటు మీద ఉన్న బరువు ప్రకారం తూచి నింపాను. అంతకుముందు రెండుసార్లు అంచనాగా కొట్టిన గ్యాస్ వల్ల కంప్రెసర్ మీద అనవసరంగా ఒత్తిడి పెరిగింది తప్ప ఒక్క క్యూబు కూడా అదనంగా రాలేదు.

మెషీన్‌లోకి నీళ్లు వదిలే వాల్వు కారినా ఇలాగే ఐస్ తగ్గుతుంది. కరెంటు తీసేశాక కూడా నీళ్లు కారుతుంటే తప్పు దానిదే.

ఇక ఏ లోపమూ లేని మెషీన్ కూడా మే నెలలో తక్కువే ఇస్తుందని గిరాకీకి చెప్పే ఓపిక మనకు ఉండాలి. కంపెనీలు బ్రోచర్లలో పెద్దగా వేసే అంకె తరచుగా 21 డిగ్రీల గాలికి, 10 డిగ్రీల నీటికి లెక్కగట్టినది. కిలో నీళ్లను 10 డిగ్రీల నుంచి ఐస్‌గా మార్చడానికి సుమారు 90 కిలోకేలరీల వేడి తీయాలి. మేడ మీది ట్యాంకులో 40 డిగ్రీలకు కాగిన నీళ్లయితే అది 120 అవుతుంది, అంటే మూడో వంతు ఎక్కువ. ట్యాంకుకు నీడ కల్పించమని చెప్పవలసిన చోట గ్యాస్ బిల్లు రాయడం అన్యాయం.

మెషీన్ ఉన్నవాళ్లకు నా మనవి ఒక్కటే. గ్యాస్‌కు డబ్బులిచ్చే ముందు, లీకు ఎక్కడుందో సబ్బు నురుగు పెట్టి బుడగ చూపించమనండి.