మెకానిక్ ఎదుట మౌనవ్రతం పట్టే ఇంజిన్ చప్పుడు గారికి

మహారాజశ్రీ ఇంజిన్ చప్పుడు గారికి,

బానెట్ ఎత్తి నిలబడ్డ మనిషి నమస్కరించి రాయునది. మీరు క్షేమమేనని తెలుసు, పొద్దున్నే వీధంతా వినిపించారు. నా క్షేమమే మీ దయ మీద ఆధారపడి ఉంది.

ఇంటి ముందు టకటకమంటారు. సిగ్నల్ దగ్గర టకటకమంటారు. వెనక సీట్లో అత్తగారు కూర్చుంటే మరింత హుషారుగా టకటకమంటారు. మెకానిక్ షెడ్డు గేటు దాటామో లేదో, నోటికి తాళం! ఆయన చెవి ఒగ్గి వింటాడు, నా మొహంలోకి చూస్తాడు, "బండి బానే ఉంది కదండీ" అంటాడు. అప్పుడు మీ పాత్ర నేను పోషించాలి. "టక్ టక్ కాదండీ, అలాగని టిక్ టిక్ కూడా కాదు, కొంచెం గొంతులోంచి వస్తుంది" అంటూ నడివయసులో మిమిక్రీ చేస్తుంటే, షెడ్డులో కుర్రాళ్లు స్పానర్లు కింద పెట్టి మరీ చూస్తారు.

దీన్ని మీ సిగ్గని అందరూ సరిపెట్టుకుంటారు. సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. అంతా వేడి మహిమ. పొగ గొట్టాలు ఇంజిన్‌కి అతుక్కునే చోటి సీలు, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్, దగ్గర సందు ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అందులోంచి టిక్కుటిక్కుమంటారు. లోహం వేడెక్కి వ్యాకోచించి ఆ సందు మూసుకోగానే మాయమవుతారు. అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడుదీ అదే దారి. వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ తరఫున వచ్చినప్పుడైతే స్టార్ట్ చేసిన ఒకటి రెండు సెకన్లు గలగలమని, ఆ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్‌కి ఆయిల్ ప్రెషర్ అందగానే తప్పుకుంటారు. షెడ్డు దాకా బండి నడిపితే ఇంజిన్ వేడెక్కక చస్తుందా? సాక్ష్యాన్ని దారిలో మేమే చెరిపేసి, అక్కడికెళ్లి మిమ్మల్ని పలకమంటాం.

పైగా మేం అడిగే ప్రశ్నే తప్పు. బావమరిది నుంచి పక్కింటాయన దాకా అందరూ "ఎలాంటి చప్పుడు?" అనే అడుగుతారు. "ఎప్పుడు?" అని అడిగే పుణ్యాత్ముడు దొరకడు. మీ జాతకమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. బండి కదలకుండా న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నొక్కితే మీ వేగం పెరిగిందా, మీ కాపురం ఇంజిన్ దగ్గరే. బండి పరుగును బట్టే పెరుగుతున్నారా, చక్రాల బేరింగులనో టైర్లనో అనుమానించాలి. క్లచ్ తొక్కితే పుట్టుకొస్తే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద కన్నెయ్యాలి. క్లచ్ తొక్కితే మాయమైతే గేర్‌బాక్స్ వైపు చూడాలి. బరువుతో మెరక ఎక్కేటప్పుడే గులకరాళ్లు కదిపినట్టు వినిపిస్తే, సిలిండర్‌లో పెట్రోల్ కాలాల్సిన తీరులో కాలడం లేదని అర్థం. ఈ వివరాలు ఓ కాగితం మీద రాసుకెళ్తే నా మిమిక్రీ కళకు తెరపడుతుంది. షెడ్డు కుర్రాళ్లకే కాస్త నష్టం.

మిమ్మల్ని లెక్కపెట్టి పట్టుకోమనే పెద్దమనుషులూ ఉన్నారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి, వాల్వుల దగ్గరి టకటక ఇంజిన్ వేగంలో సగమే ఉంటుందట. సిద్ధాంతం నిజమే. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగితే, ఒక్కో వాల్వుకు నిమిషానికి 400 టక్కులు. చెవి ఒగ్గి అన్ని లెక్కపెట్టగలిగినవాడికి కారుతో పనేముంది, తాళం వేసుకుని కచేరీలు చేసుకోవచ్చు.

అంతకంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ నయం. మొన కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఒంటికో వాటర్ పంపు ఒంటికో ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి బేరింగ్ గరగర నేరుగా వినిపిస్తుంది. కీచుమనేది బెల్టేనా అని తేల్చాలంటే దాని మీద కొన్ని నీళ్లు చిలకరించాలి. కాసేపు అరుపు తగ్గినా, ఇంకా పెరిగినా గుట్టు బెల్టు దగ్గరే ఉంది. ఏ మార్పూ లేకపోతే పక్కనున్న పుల్లీలనూ బేరింగులనూ విచారించాలి. ఈ పూజలన్నీ తిరుగుతున్న బెల్టు పక్కనే కాబట్టి వదులు చొక్కా చేతులు, మెడలో వేలాడేవి ఏవీ పనికిరావు. చాలా బళ్లలో రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా చెప్పాపెట్టకుండా తిరుగుతుంది. షట్టర్ దించిన గ్యారేజీలో మీ కచేరీ వినడం మాత్రం నా వల్ల కాదు. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మీలా చప్పుడు చేసే మర్యాద కూడా లేదు.

ఇక మీ పేరు చెప్పుకుని తిరిగే నకిలీలు. డోర్ అరలో దొర్లే నీళ్ల సీసా, ఎగ్జాస్ట్ పైన వదులైన రేకు, ఇంజిన్ ఆపాక చల్లారుతూ టింగుటింగుమనే గొట్టం. ఆ చివరిదాన్ని విని కంగారుపడేవాళ్లు ఎందరో. పాపం, దాని తప్పేమీ లేదు.

మీ వంశంలో నేను నిజంగా భయపడేది అడుగు నుంచి ధడ్ ధడ్ మని, యాక్సిలరేటర్ నొక్కితే ఇంకా బలంగా కొట్టే ఆ పెద్దాయనకే. ఆయన పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ తాలూకు. ఆయన పలికినా, ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగినా, "ఇంటిదాకా పోనిద్దాం" అనే మాట ఎత్తను. బండి పక్కకు తీసి ఆపేస్తాను. ఆయిల్ మట్టం చెప్పే డిప్‌స్టిక్ తర్వాత చూస్తాను, కారును లాక్కెళ్లే బండిని ముందు పిలుస్తాను. పాటల వాల్యూమ్ పెంచి ఆయనకు వైద్యం చేసేవాళ్లను చూశాను. వాళ్ల కార్లలో స్పీకర్లు ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, ఇంజిన్లే కొత్తవి.

కనుక చప్పుడు గారూ, మీతో నా ఒప్పందం ఇది. రేపు సాయంత్రం బండిని షెడ్డులోనే వదిలేసి వస్తాను. తెల్లారాక నేను వచ్చేదాకా తాళం తిప్పొద్దని మెకానిక్ గారికి చెప్తాను. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్ ముందు ఆయనా నేనూ చెవులు రిక్కించి నిలబడతాం. మీ పొద్దుటి ఆలాపన ఫోన్‌లో రికార్డు చేసి ఆయనకు ముందే పంపాను కూడా, కాబట్టి గొంతు బాలేదని తప్పించుకోవడం కుదరదు.

ఇట్లు,
చేతిలో స్క్రూడ్రైవర్, చెవికి గ్రీజుతో,
మీ శ్రోత